నలగని నిమ్మకాయ

తుమ్మలకోట రాజు గండభూపతి కొత్త పందెపు రథం చేయించుకున్నాడు. నెల తిరక్కుండానే దానిలో కూర్చునే తోలు మెత్త ముడతలు పడి పగిలింది. మెత్త కుట్టిన ఓబులేసును రథశాలకు పిలిపించాడు.

"నాసిరకం తోలు వేస్తావురా? చేతులు నరికిస్తా!"

"రథం ఎంత దూరం తిరిగింది ప్రభూ?"

"రోజూ సరిహద్దు దాకా! గాలికన్నా వేగంగా!"

ఓబులేసు వంగి, తొలిపూజనాడు చక్రం కింద పెట్టిన నిమ్మకాయను బయటికి తీశాడు. అది ఎండిందే గాని నలగలేదు.

"తప్పు నాదే ప్రభూ. ఈసారి ఈ నిమ్మకాయ తోలుతో కుడతాను. ఇన్నాళ్లూ మీ రథం తొక్కినా చెక్కుచెదరని తోలు ఇదొక్కటే!"

భటులు నవ్వాపుకోలేక అటు తిరిగారు. రాజు ఓబులేసు చెవి దగ్గరికి వంగాడు.

"నీ చేతులు నువ్వే ఉంచుకో. నాకు గుర్రాలంటే భయంరా. ఇక్కడే కూర్చుని ఊగుతున్నాను. ఎవరికీ చెప్పకు."