పైడమ్మ ముట్టుకోకూడని దూడ

దగ్గరగా జరుగు బంగారూ, దుప్పటి కప్పుకో. అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో పైడమ్మ అని నీయంత పిల్ల ఉండేది. వాళ్ళ ఆవు ఈనగానే చచ్చిపోయింది, పాపం. దాని పెయ్యదూడకి పైడమ్మే సీసాతో పాలు పట్టింది. దూడ పేరు బూరె. ఆ పిల్ల సీసా పడితే తప్ప చుక్క పాలు తాగేది కాదు, అంత గారం!

ఒకరోజు బూరె కంటి పక్కన బొచ్చు రాలి, గుండ్రంగా తెల్లటి పొక్కు కట్టింది. పైడమ్మ వాళ్ళమ్మ సన్యాసమ్మ చూసి, "నరుడి కంటికి నాపరాళ్ళే పగిలిపోతాయి. దిష్టి తగిలినాదే" అని మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. మచ్చ మాత్రం పోలేదు.

అప్పుడు పసుపూ వేపాకూ నూరింది. రాసేముందు కొబ్బరిపీచుతో బూరెని బరబరా తోమింది. ఆ పీచుతోనే ఎద్దునీ తోమింది, మేకనీ తోమింది. ఆవిడకి అందరూ సమానమే మరి! ఆ తర్వాత ఎద్దు మెడ మీద ఒక గుండ్రం, మేక చెవి మీద ఒక గుండ్రం. చివరికి పైడమ్మ బుగ్గ మీద కూడా ఎర్రటి గుండ్రం వచ్చింది.

వాళ్ళ నాన్న హడలిపోయాడు. "ఇల్లంతా అంటిస్తన్నాది. ఈ దూడని సంతకి తోలెత్తాను" అన్నాడు. పైడమ్మ అన్నం ముట్టలేదు. తెల్లారగానే పశువుల ఆసుపత్రికి పరిగెత్తి, డాక్టరమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

డాక్టరమ్మ మచ్చ అంచు గీకి, నాలుగు వెంట్రుకలతో కలిపి పొట్లం కట్టి, ఆసుపత్రిలో మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. "ఇది తామరమ్మా. రొట్టె మీద బూజు పడుతుందే, అలాంటిదే చర్మానికి పట్టింది. తగ్గిపోతుంది, దూడని అమ్మకండి" అంది. ఆ పీచు కాల్చేయమంది. పొక్కులు సబ్బునీళ్ళతో నానబెట్టి తీసి మందు రాయమంది, బూరెని ఎండ తగిలే చోట విడిగా కట్టమంది. పైడమ్మని పెద్దాసుపత్రిలో చూపించమంది. అంతా బాగానే ఉంది గానీ, "మానేదాకా నువ్వు దాన్ని ముట్టుకోకూడదు" అంది.

సన్యాసమ్మ చేతులకి తొడుగులు వేసుకుని సీసా పట్టింది. బూరె మూతి తిప్పేసుకుంది. రెండో పూటా అంతే. అప్పుడు పైడమ్మ దడి అవతల కూచుని, "తాగే నా తల్లీ, నానిక్కడే ఉన్నాను కదేటి" అని కబుర్లు మొదలెట్టింది. ఆ గొంతు వింటూ బూరె గుటకలు వేసింది. ఇక రోజూ అలాగే.

మెల్లగా మెత్తటి బొచ్చు మొలిచింది. పైడమ్మ బుగ్గా మానింది. "ఇంక ముట్టుకోవచ్చు" అంది డాక్టరమ్మ. కానీ అప్పటికి బూరె బకెట్లో తాగడం నేర్చేసుకుంది. పైడమ్మకి దుఃఖం పొంగుకొచ్చింది. "ఇంక నాతో దానికి పనేటి?" అని దూరంగా నిలబడిపోయింది.

బూరె కడుపునిండా తాగింది. మూతి నాక్కుంది. ఆ తర్వాత తిన్నగా పైడమ్మ దగ్గరకొచ్చి ఆనుకుని నిలబడింది. పాల కోసం కాదు బంగారూ, ఊరికే. పైడమ్మ దాని మెడ చుట్టూ చేతులు వేసి ఎంతసేపు ఏడ్చిందో!

దూడ మేతకి, కథ కంచికి,
కన్ను నిద్దరకి, మనం ఇంటికి.