బొల్లి గొర్రె, గరిక పెళ్లలు

రాళ్ళగుట్ట కింద మనుషులు వదిలేసిపోయిన తోట ఒకటి ఉండేది. చెట్లు ఎప్పుడో ఎండి పొయ్యిల్లోకి పోయాయి గానీ చుట్టూ ముళ్ళకంచె మాత్రం చెక్కుచెదరలేదు. మూలన పాత బావి, దానికో మోట. ఆ కంచెలో ఒక గొర్రెల మందా, మైలన్న అనే ముసలి ఎద్దూ కాపురముండేవి. కంచె బయట ఒక నక్క ఉండేది. గొర్రెలున్నచోట నక్క ఉండకుండా ఎక్కడికి పోతుంది లెండి!

మందలో బొల్లి అనే గొర్రె ఉంది. కిందటి వేసవిలో దాని పిల్ల పాలు లేక, ఎండిన పొదుగు చీకుతూ చీకుతూ చచ్చిపోయింది. ఈ ఏడు మళ్ళీ ఈనింది. తోటలో పచ్చిక అన్నది లేదు. లోయలో ఉంది గానీ, నక్క సంసారం పెట్టింది అక్కడే. కంచె పక్క తుమ్మ నుంచి రాలిన కాయలు ఏరుకు తింటూ బొల్లికి రోజంతా ఒకటే దిగులు. ఈ పిల్లనైనా దక్కించుకోవాలి.

మైలన్న ఉపాయం చెప్పాడు. ఎండిపోతున్న వాగు ఒడ్డున ఉన్న గరికను ఒక అడవిపంది చేత మట్టితో సహా పెళ్లలు పెళ్లలుగా పెకలింపజేశాడు. తాటిమట్ట మీద వేసుకుని తనే ఈడ్చుకొచ్చాడు. గొర్రెలు నేల తొక్కి చదును చేశాయి. ఇటుకల్లాగా పెళ్లలు పేర్చి, సందుల్లో ఒండ్రుమట్టి కూరాయి. తోట నడుమ పచ్చటి చాప పరిచినట్టయింది. ఇది వేరూనితే వానలదాకా పాలకు కొదవ లేదని బొల్లి మురిసిపోయింది.

ఆ మురిపెం ఎంతసేపు! రోహిణి కార్తె వచ్చిపడింది. రోళ్ళు పగిలే ఎండకు కొత్త గరిక అంచుల నుంచి ముడుచుకుని, తుప్పురంగుకు తిరిగింది.

"అయిపోయింది మైలన్నా, చచ్చిపోయింది!" అని బొల్లి ఏడుపు అందుకుంది.

"చావలేదే పిచ్చిదానా. ఎండకు సొమ్మసిల్లింది. పైన ఆకు మాడినా కింద వేరు ముడుచుకుని పడుకుంటుంది. తెల్లారకముందే నేను మోట తోలతాను. నీళ్ళు లోతుకు దిగాలి. మిట్టమధ్యాహ్నం పైపైన చిలకరిస్తే వేరు కూడా పైపైనే తచ్చాడుతుంది. మీరు తాటాకులు అడ్డం పెట్టి నీడ కట్టండి. ఇక దాని మీద ఎవ్వరూ కాలు పెట్టొద్దు, నోరూ పెట్టొద్దు."

"ఎన్నాళ్ళిలాగ?"

"తనంతట తాను చిగురేసేదాకా."

"లోపల బతికుందో లేదో తెలిసేదెట్టా?"

"తెలీదు. ఊరుకోవాలి, అంతే."

ఊరుకోవడం ఎద్దుకు చేతనవును. ఒక పిల్లను పోగొట్టుకున్న తల్లికి ఎక్కడ చేతనవుతుంది? తాటాకుల కింద తల దూర్చి చూసేది, నిట్టూర్చేది, మళ్ళీ వచ్చి చూసేది.

మైలన్న మోట తోలి తోలి మధ్యాహ్నం కునుకు తీస్తున్న వేళ కంచె సందులోంచి నక్క మూతి కనిపించింది.

"ఏమ్మాయ్ బొల్లీ, చచ్చినదానికా ఇన్ని నీళ్ళు?"

"బతికే ఉందన్నాడు మైలన్న."

"అనడానికేం! వాడికి పిల్లలా జెల్లలా? పాలకు ఏడ్చేది నీ పిల్ల గానీ వాడి పిల్ల కాదుగా."

బొల్లి గుండెలో ముల్లు దిగింది. "అయితే ఏం చెయ్యమంటావు మామా?"

"నేనేమన్నా కంచె తియ్యమన్నానా తల్లీ! వైద్యుడైనా నాడి పట్టి చూస్తాడు కదా. పెళ్ల అంచు పళ్ళతో పట్టుకుని కాస్త పైకి లాగి చూడు. వేరు దిగితే బిగువుగా ఉంటుంది. లేచొచ్చిందా, ఇంకా దిగలేదన్నమాట. చూశాక మళ్ళీ నొక్కెయ్. పోయేదేముంది?"

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అనలేదు పెద్దలు. బొల్లి ఒక అంచు పట్టి లాగింది. కొంచెం బిగువుగా తగిలింది. ఇంకాస్త లాగింది. లోపల దారాలు తెగినట్టు సన్నగా చప్పుడై పెళ్ల లేచొచ్చింది.

"లేచింది మామా!"

"అయ్యో, ఇంకా పట్టలేదన్నమాట. నొక్కెయ్. రేపు మళ్ళీ చూద్దువు గాని."

మర్నాడు బొల్లి మళ్ళీ లాగింది. దాన్ని చూసి పక్కది లాగింది. ఇక చెప్పేదేముంది, గొర్రెదాటు! మైలన్న కునుకు తీయగానే మందంతా తలా ఒక పెళ్ల లాగి చూడటం, "ఇంకా పట్టలేదే" అనుకుంటూ కాలితో నొక్కడం. తెల్లవారుజామున ఎద్దు పోసిన నీళ్ళకు పుట్టిన పిల్లవేరు మధ్యాహ్నానికి తెగిపోయేది.

గరిక తుప్పురంగు నుంచి బూడిదరంగుకు తిరిగింది. మైలన్నకు అనుమానం వచ్చి కొమ్ముతో ఒక పెళ్ల తిరగేశాడు. అడుగున తెల్లటి వేర్లు, పొడుగూ పొట్టీ, అన్నీ కొసలు తెగి ఎండి ఉన్నాయి.

"ఇవి దిగిన వేర్లే. ఎవరు తెంపారు?"

బొల్లి ముందుకొచ్చింది. "లాగి చూశాను మైలన్నా. బతికుందో లేదోనని. చూసి మళ్ళీ నొక్కేశాను."

"బతికే ఉండింది," అన్నాడు మైలన్న.

తిట్టినా బాగుండేది. ఆ పెళ్లను యథాస్థానంలో పెట్టి, బావి దగ్గరికి పోయి పడుకున్నాడు. ఇక మోట తోలి ఎవరికి లాభం?

తుమ్మకాయలు అయిపోయాయి. బొల్లి పొదుగు ఎండింది. పిల్ల అరిచే ఓపిక కూడా లేక నోరు తెరిచి ఊరుకునేది. చివరికి గొర్రెలు తమ కాళ్ళతో తామే కంచె ముళ్ళు తప్పించి లోయకు బయల్దేరాయి. వద్దని మైలన్న అనలేకపోయాడు. అంటే పెట్టడానికి ఏముంది?

లోయ దారిలో పిల్ల నడవలేక వెనకబడింది. బొల్లి తిరిగి చూసేసరికి దాని మెడ మీద నక్క కాలు ఉంది.

"మామా! నువ్వు చెప్పినట్టే చేశాను కదా!"

"చేశావు కాబట్టే ఇంతదూరం వచ్చావమ్మాయ్. ఇన్నేళ్ళలో నేను మీ కంచె ఒక్కనాడన్నా దాటానా?"

సాయంత్రం మంద తోటకు తిరిగి వచ్చింది. లోయ మేతకు బొల్లి పొదుగులోకి పాలు చేపుకొచ్చాయి. తాగడానికి పిల్ల లేదు.

నీతి: వేరు దిగిందా అని రోజూ పీకి చూసేవాడి నేలలో ఏ వేరూ దిగదు.