ఏడు సముద్రాలూ, ఒక బడి గడపా

ముందే చెప్పేస్తున్నాను పిల్లలూ. ఈ కథలో చీమలు ముందు వచ్చాయో, తాబేలు ముందు వచ్చిందో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. వెనకది ముందుకూ ముందుది వెనక్కూ వస్తే మీరే సర్దుకోండి. కథ మొత్తం జారిపోకముందే రాసిపెట్టేస్తున్నాను.

అనగనగా మల్లెగిరి అనే రాజ్యం, దానికొక రాజు. ఆయన పేరు కుంతలవర్మ. ఆయనకు లేకలేక పుట్టిన కొడుకు నీలధ్వజుడు. పేరు పెద్దదే గానీ మనిషి చిన్నవాడు, అయిదేళ్ళవాడు. అందుకని అందరూ నీలూ అనేవాళ్ళు. నీలూకి ఒక మేనమామ ఉన్నాడు, రాణిగారి తమ్ముడు, మణిమంతుడని. అతను రాకుమారుడే, కత్తి తిప్పితే పదిమంది వెనక్కి తగ్గేవాళ్ళు. కానీ నీలూ పుట్టిననాటి నుంచి వాడి గుర్రం అతనే, వాడి ఏనుగు అతనే, వాడి పల్లకీ అతనే.

ఆ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉంది. బడి గడపను ప్రతి పిల్లవాడూ తన కాళ్ళతో తానే దాటాలి. ఎత్తుకొచ్చి దింపకూడదు, చెయ్యి పట్టి లాగకూడదు, వెనక నుంచి నెట్టకూడదు. కుమ్మరి కొడుకైనా అంతే, రాజు కొడుకైనా అంతే. అయిదో ఏట విజయదశమికి గడప దాటని రాకుమారుడికి పట్టాభిషేకం లేదు, సింహాసనం దాయాదులకు పోతుంది. పిల్లవాణ్ణి గడప దాకా తీసుకెళ్ళడం మేనమామ వంతు.

"నీ అల్లుడు, నీ తంటాలు," అని రాజు చేతులు దులుపుకున్నాడు.

మొదటిరోజు మణిమంతుడు బడి లోపల నిలబడి దోసిట్లో పప్పుబెల్లాలు చూపించాడు. "రారా అల్లుడూ, అన్నీ నీకే."

నీలూ గడప ఇవతల నిలబడి నోరు తెరిచాడు. "అక్కణ్ణుంచే విసురు మామా."

రెండోరోజు భయపెట్టాడు. "చదువు రాకపోతే గాడిదలు కాసుకోవాలి."

"గాడిదలంటే నాకిష్టం. వాటికి పెద్దపెద్ద చెవులుంటాయి."

మూడోరోజు ఉపాయం పన్నాడు. "ఇద్దరం పందెం పరిగెడదాం. ముందుగా గడప దాటినవాడు గెలిచినట్టు." నీలూ గాలిలా పరిగెత్తాడు. గడప దగ్గర టక్కున ఆగాడు. ఆ ఊపులో మణిమంతుడు లోపల ఇసుకలో పడ్డాడు. "నువ్వే గెలిచావు మామా," అని వాడు చప్పట్లు కొట్టాడు. బడిపిల్లలందరూ కొట్టారు.

అయ్యవారు పండుముసలాయన. గడ్డం నిమురుకుంటూ, "తొందరేముంది బాబూ, గడప ఎక్కడికీ పోదు," అన్నాడు.

"గడప పోదండీ, రాజ్యం పోతుంది," అన్నాడు మణిమంతుడు ఒంటికంటిన ఇసుక దులుపుకుంటూ.

విజయదశమికి ఇంక మూడు నెలలుంది. మణిమంతుడు పిల్లవాడి ముందు గొంతుకు కూర్చున్నాడు. "నాకు ఓపిక అయిపోయిందిరా నాయనా. ఏం కావాలో చెప్పు, తెచ్చి నీ ముందు పెడతాను. అప్పుడైనా దాటుతావా?"

నీలూ కాసేపు ఆలోచించాడు. "ఏడు సముద్రాల అవతల మార్జాలుడని పిల్లికళ్ళ మాంత్రికుడున్నాడట. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. ఆ చిలక కావాలి."

"సరే, నువ్వు ఇంట్లో ఉండు. నేను వెళ్ళి తెస్తాను."

"ఊహూఁ. నేనూ వస్తా."

వాడు చెప్పిన మాట మీంచి దిగడని మణిమంతుడికి తెలుసు. నెత్తి కొట్టుకుని, వాణ్ణి భుజాన ఎక్కించుకుని బయలుదేరాడు. గడప దాటనివాడు పొలిమేర మాత్రం కిలకిలా నవ్వుతూ దాటాడు. దారిలో ఎక్కడ నిద్రపోయినా మామ ఉత్తరీయం కొంగు పిడికిట్లో బిగించి పడుకునేవాడు. మణిమంతుడు అటు దొర్లలేడు, ఇటు దొర్లలేడు. పొద్దున్నే మెడ పట్టేసి లేచేవాడు. ఏడాదిగా వాడికిదే అలవాటు.

వెళ్తుంటే వెళ్తుంటే ఒక వాగు పొంగుతోంది. మధ్యలో పుట్ట మునిగిపోతోంది, చీమలు అల్లాడిపోతున్నాయి.

"మామా, వాటికి కొమ్మ వెయ్యి."

"మనం వచ్చింది చిలక కోసం, చీమల కోసం కాదు."

"వెయ్యి మామా."

వేశాడు. ఒక్కొక్క చీమా ఒడ్డెక్కేదాకా నీలూ కదలలేదు. చివర వచ్చిన ముసలి చీమ, "అవసరమైతే తలుచుకో బాబూ," అని వెళ్ళిపోయింది.

వెళ్తుంటే వెళ్తుంటే సముద్రపు ఒడ్డున పడవంత తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది.

"మామా, దాన్ని తిప్పు."

"నా నడుం విరుగుతుందిరా."

"తిప్పు మామా."

తిప్పాడు. నడుం పట్టేసింది గానీ, తాబేలు వాళ్ళిద్దరినీ వీపు మీద ఎక్కించుకుంది.

అలా ఏడు సముద్రాలూ దాటారు. ఉప్పు సముద్రంలో నీలూ దాహమన్నాడు. చెరకురసం సముద్రంలో వంగి వంగి నాకుతూ రెండుసార్లు రసంలో పడ్డాడు. కల్లు సముద్రం దాటేదాకా మణిమంతుడు వాడి మూతి మూసి పట్టుకున్నాడు. నేతి సముద్రంలో వేడివేడి పప్పన్నం కావాలన్నాడు. పెరుగు సముద్రంలో ఆవకాయ అడిగాడు. పాలసముద్రంలో అమ్మ కావాలన్నాడు. మంచినీళ్ళ సముద్రం వచ్చేసరికి, ఇంకెంతసేపు మామా, ఇంకెంతసేపు మామా అని నూటొక్కసారి అడిగాడు.

"ఇంకోసారి అడిగితే నేనే దూకేస్తాను," అన్నాడు మణిమంతుడు.

"వద్దు మామా," అని వాడు ఉత్తరీయాన్ని రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు.

ద్వీపంలో ఒక రాతికోట. కోట ముందు నూరు రాతిమనుషులు. అందరూ చిలక కోసం వచ్చిన రాకుమారులే. లోపల తెల్లగడ్డం పిల్లికళ్ళ ముసలాయన, పంజరాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక యువతి తాళపత్రం పట్టుకుని ఆవులిస్తోంది. ఆమె సింధూరపురం రాకుమారి కువలయ. చదవడం వచ్చిన మనిషి కావాలని మూడేళ్ళ కిందట మార్జాలుడు ఎత్తుకొచ్చాడు.

మణిమంతుడు కత్తి మీద చెయ్యి వేసేలోపే నీలూ ముందుకెళ్ళి, "తాతా, ఆ చిలకనిస్తావా? బడికెళ్ళాలి," అన్నాడు.

"దయచేసి ఇచ్చెయ్యి," అంది పంజరంలోంచి చిలక. "అరవయ్యేళ్ళుగా ఈ ఒక్క మొహమే చూస్తున్నాను."

"నోర్ముయ్యి," అని మార్జాలుడు మణిమంతుడి వంక తిరిగాడు. "మూడు పనులు చేస్తే చిలకను తీసుకో. చెయ్యలేకపోతే ఇక్కడే రాయివై ఉండిపో."

మొదటి పని, కొండంత రాశిలో కలిసిపోయిన ఆవాలూ నువ్వులూ వేరుచెయ్యడం. నీలూ చీమలను తలుచుకున్నాడు. పొద్దు వాలేసరికి రెండు కొండలయ్యాయి.

రెండో పని, సముద్రంలో పడిపోయిన ఉంగరం తేవడం. నీలూ తాబేలును పిలిచాడు. అది మునిగి, ఉంగరాన్ని ముక్కున పెట్టుకుని పైకి తేలింది.

మూడో పనికి మార్జాలుడు తాళపత్రం ఇచ్చాడు. "ఇందులో ఏముందో చదువు. అయిదేళ్ళప్పుడు పొద్దున్నే లేచేసరికి మా అమ్మ లేదు. నా పక్కన ఈ పంజరం, ఈ ఆకు ఉన్నాయి. నా ప్రాణం తనలో దాచిపెట్టి వెళ్ళిందని చిలకే చెప్పింది. దీన్ని వదిలి నేను బడికి పోయిందీ లేదు, అక్షరం నేర్చిందీ లేదు. ఈ పిల్లను చదవమంటే రోజుకో రకంగా చదువుతోంది. నిన్న ఇందులో గుమ్మడికాయ దప్పళం ఎలా కాయాలో ఉందంది."

"ఉన్నది చదివేస్తే ఇంక నాతో పనేముంది, నన్నూ రాయి చేస్తారుగా," అంది కువలయ.

ఆ మాటతో మణిమంతుడికి ఉపాయం తోచింది. చీమలకు అక్షరాలు రావు, తాబేలుకూ రావు. తనకొచ్చు. ఆకును తిప్పి చూసి ఊరుకున్నాడు. "చదువుతాను. చదివాక మమ్మల్ని రాళ్ళు చేస్తే? ముందు బయట ఉన్నవాళ్ళకు ప్రాణం పొయ్యి. మమ్మల్ని రాళ్ళు చెయ్యనని, ఈమెను వదిలిపెడుతున్నానని మీ అమ్మ మీద ఒట్టెయ్యి. లేకపోతే నువ్వు ఇంకో అరవయ్యేళ్ళు దప్పళమే వినాలి."

మార్జాలుడు పళ్ళు కొరికాడు. కానీ ఆకు మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. మంత్రం చదివాడు. బయట నూరుమంది ఒళ్ళు విరుచుకుని లేచారు. ఒట్టు వేశాడు. అప్పుడు మణిమంతుడు చదివాడు.

"నాయనా, నువ్వు నిద్రలో ఉన్నావు. చెబితే ఏడుస్తావని చెప్పకుండా వెళ్తున్నాను. మూలికలు కోసుకుని మూడు రోజుల్లో వస్తాను. అంతవరకూ నీకే ఆపదా రాకుండా నీ ప్రాణం చిలకలో ఉంచాను. నేను రావడం ఆలస్యమైతే పంజరం తలుపు తియ్యి. నీ ప్రాణం నీ దగ్గరికే వస్తుంది."

మార్జాలుడు ఆకు తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టాడు. "మూడు రోజులనే రాసిందా?"

"మూడు రోజులనే రాసింది. దారిలో ఏదో జరిగి ఉంటుంది."

"నేను అల్లరి చేశానని వెళ్ళిపోయిందనుకున్నాను. అందుకే ఇక్కడికి వచ్చినవాణ్ణి ఎవణ్ణీ వెళ్ళనివ్వలేదు."

నీలూ ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "మా మామా అంతే తాతా. నేను నిద్రలో ఉంటే వెళ్ళిపోయాడు. నలభై రోజులు రాలేదు."

మణిమంతుడు తన ఉత్తరీయం కొంగు వంక చూసుకున్నాడు. నిజమే. పోయిన ఏడాది పొలిమేరలో దొంగలు పడితే తెల్లవారకముందే సేనతో వెళ్ళాడు. చెబితే ఏడుస్తాడు, మెల్లగా జారుకో అన్నారందరూ. అతను చెప్పులు చేత్తో పట్టుకుని మరీ జారుకున్నాడు. పిల్లలు రెండు రోజుల్లో మరిచిపోతారనుకున్నాడు.

"అందుకనే కొంగు పట్టుకుని పడుకుంటున్నావా?"

"ఊఁ. బడి లోపలికి నీ కొంగు రాదుగా. నేను లోపలికెళ్తే నువ్వు వెళ్ళిపోతావు."

"ఈ మాట మొదటిరోజే చెబితే ఏం పోయిందిరా? ఏడు సముద్రాలు దాటించావు, నా నడుం విరగ్గొట్టావు."

"నువ్వు ఏం కావాలని అడిగావు. ఎందుకు వెళ్ళవని అడగలేదు."

"పిల్లవాడి మాటలో తప్పేం లేదు," అంది కువలయ.

మార్జాలుడు పంజరం తలుపు తీశాడు. చిలక బయటికొచ్చి ఆయన భుజం మీద వాలింది. ప్రాణం ఆయనకు వచ్చింది, చిలకకు చిలకతనం మిగిలింది. "ఇంక దీనికి కాపలా అక్కర్లేదు, నువ్వు తీసుకో బాబూ," అన్నాడు. తాళపత్రం చేతిలో పట్టుకుని, "మీ బడిలో ముసలివాళ్ళను రానిస్తారా?" అని అడిగాడు.

నూరుమంది రాకుమారులూ తామొచ్చిన పడవల్లో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళందరినీ తాబేలు మోసుకొచ్చింది. సింధూరపురంలో కువలయను దింపబోతే, వాళ్ళ నాన్న ఆనందం పట్టలేక ఆమెను మణిమంతుడికే ఇస్తానన్నాడు. ఇష్టమేనా అని కువలయను అడిగితే, "ఈయన ఉన్నది ఉన్నట్టు చదువుతాడు, నాకు చాలు," అంది. అంతా కలిసి మల్లెగిరి చేరేసరికి మర్నాడే విజయదశమి. ఆ రోజే నిశ్చితార్థమన్నారు.

పొద్దున్నే మణిమంతుడు నీలూను గడప ముందు దింపాడు. రాజూ రాణీ దాయాదులూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అతను వాళ్ళ వంక చూడలేదు, గొంతుకు కూర్చుని పిల్లవాడి కళ్ళలోకి చూశాడు.

"నీలూ, నేనిప్పుడు కోటకు వెళ్తాను. ఇక్కడ ఉండను. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఇదిగో, గడప పక్కనున్న ఈ రాయి మీద ఉంటాను. చెప్పి వెళ్తున్నాను."

నీలూ ఉత్తరీయం కొంగును ఇంకాస్త బిగించాడు. "చెప్పి వెళ్తున్నావా?"

"చెప్పి వెళ్తున్నాను."

పిడికిలి ఒక్కొక్క వేలే విప్పుకుంది. నలిగిపోయిన ఉత్తరీయం జారింది. నీలూ గడప మీద ఒక కాలు పెట్టాడు, వెనక్కి చూశాడు. రెండో కాలు పెట్టాడు, వెనక్కి చూశాడు. లోపలికి దిగాడు. "రా తాతా, ఏం కాదు," అని మార్జాలుణ్ణి పిలిచాడు. ఆయనా తన కాళ్ళతోనే దాటాడు. చిలక ఆయన భుజం మీద ఉంది గనుక దాన్ని అయ్యవారు లెక్కలోకి తీసుకోలేదు.

కోటలో నిశ్చితార్థం మొదలైంది. పురోహితుడు తీరిగ్గా సాగదీస్తున్నాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మణిమంతుడు పీట మీంచి లేచాడు.

"తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు నాయనా," అన్నాడు పురోహితుడు.

"మాట ఇచ్చారు, వెళ్ళనివ్వండి," అంది కువలయ. "తాంబూలం ఆగుతుంది."

పట్టుబట్టలు ఎగ్గట్టుకుని మణిమంతుడు పరిగెత్తాడు. రొప్పుతూ రాయి మీద కూర్చోవడమూ, గంట కొట్టడమూ ఒక్కసారే అయింది. పిల్లలందరూ బయటికొచ్చారు. నీలూ రాలేదు. మణిమంతుడు రాయి మీంచి సగం లేచాడు. చివరికి వాడు గడప దాకా వచ్చాడు, వేలి కొసలన్నీ ఇసుక.

"వచ్చావా మామా?"

"వచ్చాను. పద, ఇంటికి పోదాం."

"తాతకు ఇంకా 'ఓ' తిరగడం లేదు. చెయ్యి పట్టి దిద్దిస్తున్నాను. నువ్వు ఇక్కడే కూర్చో." లోపలికి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "చెప్పే వెళ్తున్నాను మామా, ఏడవకు."

మణిమంతుడు నుదురు కొట్టుకుని ఆ ఎండలో కూర్చున్నాడు. ఆ తర్వాత అతనికి కువలయతో పెళ్ళయింది. నీలధ్వజుడు పెరిగి పెద్దవాడై మల్లెగిరిని నలభై ఏళ్ళు ఏలాడు. ఎక్కడికి బయలుదేరినా, రచ్చబండ మీద నిలబడి ఎన్నాళ్ళకు వస్తాడో ప్రజలకు చెప్పి మరీ వెళ్ళేవాడట, చెప్పిన రోజుకు వచ్చేవాడట.

అమ్మాయ్ వకుళా, పిల్లలకు చదివి వినిపించేముందు మీ పెద్దత్తయ్యను ఒక్కమాట అడుగు. ఈ కథ మేమిద్దరం ఒకే ఒళ్ళో కూర్చుని విన్నాం. మేనమామ మణిమంతుడేనా, మణికేతుడా? రాకుమారి కువలయేనా? పేర్లు సరిచూసి, తప్పైతే దిద్ది, దిద్దానని నాకు చెప్పు.