పొడపత్రి పరీక్ష

ఆ రాజు పేరు మరిచిపోయాను గానీ, ఆయన మధుమేహం మాత్రం గుర్తుంది. కాలిపుండు మానడం లేదు.

"రోజూ పొడపత్రి చూర్ణమే ఇచ్చాను ప్రభూ! అందుకు ఈ సోములమ్మ అడవి నుంచి తెచ్చిన ఆకే విషం," అన్నాడు ఆస్థాన వైద్యుడు భైరవశాస్త్రి.

తలారి కత్తి సోములమ్మ మెడకు చల్లగా తగిలింది.

"ఆఖరి కోరిక?" అన్నాడు రాజు.

"నా బుట్టలో ఆకు ముందు నేను నములుతా. తరవాత తమరూ నమిలి, బెల్లం తినండి దొరా."

ఆమె నమిలింది, చావలేదు. రాజు కూడా నమిలి, బెల్లం నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"ఇసుకలా ఉందే!"

"పొడపత్రి నమిలాక కాసేపు తీపి తెలవదు దొరా. శాస్త్రులుగారి చూర్ణంతో ఎప్పుడైనా ఇట్టా అయిందా?"

"లేదే! దానిమీద రోజూ లడ్డు తింటాను. కమ్మగానే ఉంటుంది."

"అయితే అందులో నా ఆకు లేదు దొరా."

కత్తి ఆమె మెడ మీంచి లేచింది. ఎటు తిరగాలో తలారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.