తోడు చీటీ

కొండవాక రాజుగారికి ఒక పొద్దున కోరిక పుట్టింది. రాణిగారి సీమంతానికి అంచు నిండా చిలకలున్న పట్టుచీర కావాలి. మామూలు చిలకలు కాదు, అప్పుడే వానలో తడిసి వచ్చి వాలినట్టుండాలి.

అలాంటి చీరలకు పేరుబడ్డ తిప్పయ్య ఏటికి అవతల, పొన్నవరం రాజ్యంలో ఉన్నాడు. కబురు వెళ్ళింది. మగ్గం బండికెక్కించుకుని, పెళ్ళాం నాంచారిని వెంటబెట్టుకుని దిగాడు.

ఎల్ల దగ్గర అధికారి భీమనాథుడు పట్టుతలపాగాతో కూర్చునున్నాడు. ఆయన ఉంగరం ముద్ర పడందే ఈగ కూడా లోపలికి రాదు. పరాయి చోటుకు బతకడానికి పోయినవాళ్ళకు తెలుస్తుంది, ఆ ముద్ర ఎంత బరువో!

కొండవాకలో చీటీలు రెండు రకాలు. పిలిచిన మనిషికి పని చీటీ. వెంట వచ్చిన మొగుడికో పెళ్ళానికో తోడు చీటీ. తోడు చీటీ మీద వచ్చినవాళ్ళు ఉండొచ్చు, తినొచ్చు, పనిలో మాత్రం చెయ్యి పెట్టకూడదు. రాజుగారి తాతగారు పెట్టిన చట్టం అది.

తిప్పయ్యకు పని చీటీ ఇచ్చి, నాంచారి ముందు తోడు చీటీ పడేశాడు భీమనాథుడు.

"దొరా, పోగులకు ముడులు కట్టి రంగులో ముంచేది నేను. చిలకలు పుట్టేది ఆ ముడుల్లోనే. మా ఆయన నేసేది ఆ తర్వాత," అంది నాంచారి.

"పిలుపులో నీ పేరేదీ?"

"మగ్గం మీద కూర్చున్నవాడి పేరే ఊళ్ళకు తెలుస్తుంది కదా దొరా."

"నాకు కబుర్లు చెప్పకు. పోగు ముట్టుకున్నావంటే ఆ పూటే ఎల్ల దాటిస్తాను."

"వంటన్నా చేసుకోవచ్చా?"

"కూర తరగడం, గిన్నెలు తోమడం ఒక పనా? చేసుకో!"

చీటీ నకలు అప్పగించడానికి నాంచారి కోటలో గవరయ్య దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళుగా చీటీల తాటాకులను పెట్టెల్లో దాచి కాపాడే ముసలాయన. జరిగిందంతా చెప్పి కళ్ళు తుడుచుకుంది.

"ఏం చెయ్యను తాతా? ముడి వేస్తే తరిమేస్తారు. వెయ్యకపోతే చీర లేదు."

గవరయ్య ఒక పాత పెట్టె వైపు చూసి, మీసం కింద నవ్వుకున్నాడు.

"ఆయన చెప్పినట్టే చెయ్యి అమ్మాయ్. పోగు ముట్టకు. కూర బాగా తరుగు."

నెల గడిచింది. రాజుగారు మగ్గం చూడబోతే ఒక్క చిలకా లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆలుమగలను సభకు ఈడ్చుకు రమ్మన్నాడు.

"ఇరవై రోజుల్లో సీమంతం! నన్ను వెక్కిరిస్తున్నారా? మగ్గం లాక్కుని ఇద్దర్నీ తరిమేస్తాను!"

తిప్పయ్య రెండు చేతులూ జోడించాడు. ఆ మగ్గం పోతే వాళ్ళ బతుకే పోయినట్టు. నాంచారి తోడు చీటీ పైకెత్తి చూపించింది.

"పని ముట్టవద్దన్నారు ప్రభూ. ముట్టలేదు."

భీమనాథుడు గొంతు సవరించుకున్నాడు. "చట్టం చట్టమే ప్రభూ. ఒక్కరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారు."

గవరయ్య మెల్లగా లేచాడు. "బాగా చెప్పారు దొరవారూ. మరి తోడు చీటీ మీద వచ్చి దొంగచాటుగా పనిచేసేవాడు దొరికితే?"

"ఆ పూటే ఎల్ల దాటించాలి!"

"పెద్ద జీతం తీసుకునేవాడైతే?"

"మరీ ముందు దాటించాలి!"

"వచ్చి చాలా ఏళ్ళయిందంటాడేమో?"

"అన్నేళ్ళూ తప్పు చేసినట్టే కదయ్యా! జాలేమిటి?"

సభంతా తలూపింది. గవరయ్య చంకలోంచి దుమ్ముపట్టిన తాటాకు తీసి చదివాడు.

"పన్నెండేళ్ళ కిందట రాజమాత పిలిపించిన వైద్యురాలు కుప్పాంబకు పని చీటీ. ఆమెతో వచ్చిన భర్త భీమనాథుడికి తోడు చీటీ. అది మార్చినట్టు మరో ఆకు నా పెట్టెల్లో లేదు ప్రభూ."

తలలన్నీ ఎల్ల అధికారి వైపు తిరిగాయి. భీమనాథుడి చెయ్యి ఉంగరం మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

రాజుగారు పెదవి బిగించి అడిగాడు. "అయితే ఈయన్ని ఇప్పుడే ఎల్ల దాటించాలా గవరయ్యా?"

"దాటించండి ప్రభూ. కానీ ఆయన వెంట ఆయన భార్యా వెళ్తుంది. రాణిగారికి పురుడు పోసేది ఆవిడ. తోడును తరిమితే పనిమంతురాలు మిగలదు."

రాజుగారి చూపు చప్పున సభలో ఓ పక్కన కూర్చున్న కుప్పాంబ మీదికి పోయింది. ఆవిడ అప్పుడే మందుల సంచి సర్దుకుంటోంది.

"అమ్మా, ఆ సంచి కింద పెట్టు!" అన్నాడు రాజుగారు. అని నవ్వు ఆపుకోలేకపోయాడు. "మా తాతగారికి ఈ సంగతి తట్టలేదు. నేటి నుంచి, తోడుగా వచ్చినవాళ్ళకు పని చేతనైతే ఆ రోజే పని చీటీ ఇవ్వాలి. ఈయన చీటీ కూడా మార్చండి."

భీమనాథుడు గబగబా ఆకూ గంటమూ అందుకున్నాడు.

గవరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు ఆ అమ్మాయిది రాయండి దొరవారూ. మీది తర్వాత. వరసలో నిలబడండి."

నాంచారి పేరు రాసి, ముద్ర వేసి, ఆమె వెనకాల నిలబడ్డాడు భీమనాథుడు. నాంచారి ఆ ఆకును రెండు చేతులా పట్టుకుని, తన పేరు దగ్గర ఒకసారి వేలితో తడిమి చూసుకుంది.

రాజుగారు తన భుజం మీది శాలువా తీసి గవరయ్యకు కప్పాడు. "ఈయన చీటీ ఎప్పటికి సిద్ధమవుతుందయ్యా?"

"పాత పెట్టెలన్నీ వెతకాలి ప్రభూ. ముసలి కళ్ళు. నాలుగు రోజులు పడుతుంది."

కుప్పాంబ కొంగు సర్దుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఈ నాలుగు రోజులూ ఇంట్లో కూర మీరే తరగండి. గిన్నెలు కూడా తోమండి. అది పని కాదని మీరే అన్నారటగా!"

సభంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది నాంచారి.