ముప్ఫై మీదే ముల్లు

"మాస్టారూ, హరి గొంతులో ఉన్నదేమిటి, నా గొంతులో లేనిదేమిటి?"

ఈ మాట అడగడానికి కామేశానికి నెలలు పట్టింది. అడిగింది కూడా కారు నడుపుతూ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. పక్క సీట్లో సంగీతం నేర్పే సోమలింగం మాస్టారు. వెనక సీట్లో ఆ హరిగోపాల్, శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని, నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ముగ్గురూ విజయనగరం నుంచి ఒడిశాలోని జయపురం బయల్దేరారు. ఆ సాయంత్రం అక్కడి తెలుగువాళ్ల సభలో శిష్యులిద్దరి పాటా ఉంది.

మాస్టారు కిటికీలోంచి చెరుకుతోటలు చూస్తూ కూర్చున్నారు.

కామేశం ఆయన దగ్గర చేరి ఎనిమిదేళ్లు. అతని గొంతు ఒకటి శ్రుతిలో నిండుగా పలికేది. మంద్రస్థాయికి, ఆ కింది స్వరాలకి దిగి అతను నిలబడితే వినేవాళ్లు మాటలు మానేసేవారు. మాస్టారు ఊరికే ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. ఆయనే ఓసారి "ఆ కింది పంచమం నాక్కూడా అలా పలకదురా" అన్నారు.

తరవాత హరి వచ్చాడు. వాడిది అంతకంటే హెచ్చు, రెండు శ్రుతి గొంతు. పైకి వెళ్లాలంటే వెళ్లిపోతుంది, అంతే. మొదటి కచేరీలోనే పై షడ్జమం మీద నిలబడి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ చప్పట్లు కామేశం చెవిలో దూరి మళ్లీ బయటికి రాలేదు. మాస్టారు హరి స్కూటరు వెనక కూర్చుని బజారుకెళ్తే ఇతనికి కడుపు మండేది. హరి కలిపిన కాఫీ ఆయన తాగినా మండేది. ఈ ఆటోమేటిక్ కారు కొన్నది కూడా ఆ మంటలోనే, మాస్టారికి ఇక స్కూటరెక్కే అవసరం లేకుండా చేద్దామని. తీరా కొన్నాక ఆయన తాపీగా "హరిని కూడా ఎక్కించుకో" అన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. కామేశం తన శ్రుతి పెంచేశాడు. ముందు ఒకటిన్నర, ఆ పైన రెండు. మిరియాల కషాయం తాగి, మెడ నరాలు ఉబ్బేలా సాధన చేశాడు. పై స్వరాలు అందాయి గానీ గీరుకుంటూ అందాయి. ఎప్పుడైనా పాత శ్రుతికి దిగి చూసుకుంటే గొంతు జీరబోయి, కింది పంచమంలో గాలే ఎక్కువ వచ్చేది. ఇలాగే సాగితే గొంతు పోతుందని అతనికి తెలుసు. తెలిసీ మానలేకపోయాడు.

రామభద్రపురం దాటాక చెరుకు ట్రాక్టరొకటి అడ్డం తగిలింది. రోడ్డుకి ఒక పక్కంతా తవ్వేశారు. దాటిపోయే సందు లేదు. కారు ముప్ఫైకి దిగింది.

"ఏవిట్రా ఇది?" మాస్టారు గేరు పక్కనున్న బటన్ మీద వేలు పెట్టారు.

కామేశానికి ప్రాణం లేచొచ్చింది. హరికి తెలియని విద్య ఇదొక్కటే మరి.

"అది నొక్కితే బండి పద్ధతి మారుతుంది మాస్టారూ. ఇప్పుడు నార్మల్‌లో ఉన్నాం. అంటే తొందరగా పై గేరు వేసేసుకుంటుంది, ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, పెట్రోలు ఆదా. అది నొక్కామనుకోండి, స్పోర్ట్. కింది గేరులోనే ఉండి ఇంజన్ని గట్టిగా తిప్పుతుంది. కాలు ఇలా ఆనిస్తే చాలు, దూకుతుంది."

"నార్మల్‌లో దూకదా?"

"దూకుతుంది. కాస్త ఆలోచించుకుని దూకుతుంది."

మాస్టారు బటన్ నొక్కేశారు.

ఇంజను ఒక్కసారి హోరెత్తింది. మాస్టారు తల పక్కకి వంచి విన్నారు. పెదాలు కదపకుండా గొంతులో ఏదో అనుకున్నారు.

"ఇందాకటిదాకా షడ్జమంలో కూర్చుంది. ఇప్పుడు పంచమానికి లేచిందిరా."

"అవును మాస్టారూ, గేరు దించుకుంది కదా."

"స్పీడెంత?"

"ముప్ఫై."

"ఇందాక?"

కామేశం ముల్లుకేసి మళ్లీ చూశాడు. "ముప్ఫయ్యే."

అతను బటన్ మీదికి చెయ్యి తీసుకెళ్లాడు. "ఇక్కడ స్పోర్ట్ ఎందుకు మాస్టారూ, ముందు ట్రాక్టరుంటే?"

మాస్టారు ఆ చెయ్యి పట్టుకుని స్టీరింగు మీద పెట్టారు. "అలాగే పోనియ్."

పోనిచ్చాడు. కాలు కాస్త ఆనిస్తే కారు ట్రాక్టరు మీదికి ఉరికేది. కాలు తీస్తే ఎవరో చొక్కా పట్టుకు లాగినట్టు వెనక్కి తగ్గేది. ఉరకడం, తగ్గడం, ఆ అరుపు. చెరుకు గడల కొసలు మాత్రం అద్దం ముందు అంతే దూరంలో ఊగుతున్నాయి. కామేశం పిక్కలు లాగేశాయి. మెడ పట్టేసింది.

హరి ఉలిక్కిపడి లేచాడు. "ఏమైందన్నా బండికి?"

"నువ్వు పడుకోరా" అన్నారు మాస్టారు. వాడు నిజంగానే మళ్లీ పడుకున్నాడు. కామేశానికి ఒళ్లు మండింది.

సాలూరు దగ్గరికి వచ్చేదాకా అదే వరస. అప్పుడు ట్రాక్టరు పక్క దారిలోకి తిరిగింది. తోలేవాడు ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. చెవికి సెల్లు ఆనించి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుకుంటూ పోయాడు. వెనక ఇంత గోల జరిగిందని వాడికి తెలియనే తెలియదు.

"వాడి మీద కోపమొచ్చిందా?" అడిగారు మాస్టారు.

"వాడేం చేశాడు మాస్టారూ, పాపం. వాడి బరువుతో వాడు పోతున్నాడు."

అనేశాక కామేశం చెవులు వేడెక్కాయి. వెనక సీటు కనిపించే అద్దంలోకి చూడబోయి చూపు తిప్పేసుకున్నాడు.

మాస్టారు బటన్ మళ్లీ నొక్కారు. ఇంజను దిగి కూర్చుంది.

ఊరు దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. మొదటి ఎత్తులోనే బండి తడబడింది. పై గేరు వేసుకుంటుంది, శక్తి చాలక దించుకుంటుంది, మళ్లీ వేసుకుంటుంది. కామేశం చెయ్యి బటన్ దాకా వెళ్లి, సిగ్గుపడి వెనక్కి వచ్చేసింది.

"నొక్కవేం?"

"మళ్లీ అరుస్తుంది మాస్టారూ."

"అరవనీ. ఇక్కడ కొండుంది."

నొక్కాడు. కారు అరుచుకుంటూనే ఒక్క పట్టున మలుపెక్కింది.

సాయంత్రం జయపురంలో ముందు హరి పాడాడు. పై షడ్జమం అందుకుని నిలబడ్డాడు. హాలు హాలంతా చప్పట్లు. తెర పక్కన నిలబడ్డ కామేశం కడుపులో మంట లేచింది. దారిలో చల్లారిపోయిందనుకున్నాడు. ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

హరి పాట ముగిశాక అతను వెళ్లి వేదిక మీద కూర్చున్నాడు. హరి చెమట తుడుచుకుంటూ వెనక్కి జరిగి, శ్రుతిపెట్టె దగ్గరికి లాక్కున్నాడు.

"రెండే కదన్నా?"

"ఒకటికి దించు."

వయొలిన్ ఆయన విసుక్కుంటూ తీగలు సడలించడం మొదలుపెట్టాడు. మృదంగం ఆయన సంచిలోంచి ఇంకో మృదంగం తీశాడు. ముందు వరసలో మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

హరి ముందుకి వంగి చెవిలో అన్నాడు. వాడి గొంతులో నిజంగానే కంగారుంది.

"పొద్దున రెండన్నావు కదన్నా. జనం మంచి ఊపు మీదున్నారు. ఇప్పుడు ఒకటిలో ఎత్తుకుంటే చప్పట్లు రావేమో."

"రాకపోతే పోయె," అన్నాడు కామేశం. "నాకు కింది పంచమం దగ్గర పనుంది."