వెన్నెల గీసుకున్న బొమ్మ

పిల్లలూ, సముద్రపు ఒడ్డున కుసుమపురమని ఒక రాజ్యం. దానికో రాజు. రాజుకి ముగ్గురు బిడ్డలు. మొదటివాడు కొడుకు, రెండోవాడు కొడుకు. మూడో బిడ్డ వెన్నెల మాత్రం కొడుకూ కాదు, కూతురూ కాదు.

"వెన్నెల వచ్చాడనాలా, వచ్చిందనాలా?" అని దాసీలు తికమకపడితే, "వచ్చారనండి. రాజబిడ్డకి ఆ మాత్రం మర్యాద ఇవ్వరా?" అని వెన్నెల నవ్వేవారు.

వెన్నెలకి బొమ్మలంటే ప్రాణం. మీసాలున్న నెమలికన్నె, గాజులేసుకున్న సింహం... గోడలనిండా గీసేవారు. "పరువు పోతోంది" అని రాజు సున్నం కొట్టించేవాడు. వెన్నెల మళ్ళీ గీసేవారు.

ఒకనాడు దేశాలు చూడబోయిన పెద్దన్న తిరిగి రాలేదు. వెతకబోయిన చిన్నన్నా రాలేదు. ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు మనుషుల బొమ్మలు గీసి, వాళ్ళని గోడలో బంధిస్తున్నాడని కబురొచ్చింది.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నారు వెన్నెల.

"నువ్వా?" అన్నాడు రాజు, తలెత్తకుండానే.

ఓడ నడిపే కేతకి మాత్రం "ఎక్కండి" అంది. ఏడు సముద్రాలూ దాటేసరికి ఒకరి మాట వినకపోతే ఒకరికి తోచకుండా పోయింది.

మాంత్రికుడి కోటలో అన్నలిద్దరూ గోడ మీద బొమ్మలై ఉన్నారు. పక్కనే గోడ మీద గీసిన పంజరంలో ఒక చిలక.

"వాడి ప్రాణం నాలో ఉంది" అంది చిలక గుసగుసగా. "నా తలుపు గోడలోపలివాళ్ళే తీయగలరు. కానీ వాడు గీసినవాళ్ళు కదల్లేరు. ఎవరి బొమ్మ వాళ్ళు మనసులో ఉన్నదున్నట్టు గీసుకుంటేనే కదలగలరు."

ఇంతలో మాంత్రికుడొచ్చాడు. వెన్నెలని రాకుమారుడిగా గీశాడు. రంగు కారిపోయింది. రాకుమారిగా గీశాడు. అదీ కారిపోయింది.

"అసలు నువ్వెలా ఉంటావు?" అని విసుక్కున్నాడు.

"కుంచె ఇలా ఇవ్వండి" అన్నారు వెన్నెల.

వాడు విసుగ్గానే కుంచె ఇచ్చాడు కానీ, వెన్నెలకి ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు. ఎన్ని బొమ్మలు గీసినా తనని తాను ఎప్పుడూ గీసుకోలేదు మరి. కేతకి పక్కకొచ్చి రంగుగిన్నె పట్టుకుంది. సన్నని మీసకట్టు, కాటుక కళ్ళు, కాళ్ళకి మువ్వలు, వీపున పెద్ద పెద్ద రెక్కలు. చివరి గీత గియ్యగానే వెన్నెల గోడలోకి వెళ్ళిపోయారు. రెక్కలు టపటపలాడాయి! ఒక్క ఊపున ఎగిరి పంజరం తలుపు తీశారు.

చిలక రివ్వున ఆకాశంలోకి పోయింది. "అయ్యో, నా ప్రాణం!" అంటూ మాంత్రికుడు దాని వెనక పరిగెత్తాడు. ఆ పోవడం పోవడమే. గోడలోని వాళ్ళంతా ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చారు.

ఓడ కుసుమపురం తిరిగొచ్చేసరికి ఒడ్డున రాజు ఎదురొచ్చాడు. "కళ్ళుండీ నిన్ను చూడలేదు... నాయనా... తల్లీ..." అని తడబడి, "వెన్నెలా!" అని గుండెకి హత్తుకున్నాడు.

మంచి ముహూర్తంలో కేతకితో పెళ్ళి. "ఏ వైపు కూర్చుంటారు? కుడివైపా, ఎడమవైపా?" అని పురోహితుడు బుర్ర గోక్కున్నాడు.

"కేతకి పక్కన" అన్నారు వెన్నెల.

అలా పక్కపక్కనే కూర్చుని, జుట్టు నెరిసేదాకా ఇద్దరూ చల్లగా రాజ్యమేలారు.